అక్కయ్యతో చూడని మంచు

మన శంషాబాద్ నుంచి దూరదేశాలకు సరదాగా తిరిగి రావడానికి వెళ్ళేవాళ్ళు నానాటికీ పెరుగుతున్నారని, వాళ్ళ కోసం మధ్యలో ఎక్కడా దిగక్కర్లేని విమానాలు వేస్తున్నారని పొద్దున్నే పేపర్లో వార్త చదివి వినిపించి, మనమూ వెళ్దామా అని నెమ్మదిగా అడిగారు మావారు. నాకు అక్కయ్య గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మేం యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మాది గోదావరి వైపు, పక్క వాటావాళ్ళది కరీంనగర్ వైపు వ్యవసాయ కుటుంబం. ఆవిడను నేను అక్కయ్యా అంటే, ఆవిడ నన్ను చెల్లె అనేది. జన్మలో ఒక్కసారైనా మంచులో నడవాలని ఇద్దరికీ ఒకటే పిచ్చి. అప్పట్లో అంత దూరం వెళ్ళాలంటే ఏ దుబాయ్‌లోనో దిగి విమానం మారాలి, అక్కడ ఎక్కడ తప్పిపోతామోనని ఇద్దరికీ భయం, అందుకే వెళితే రెండు కుటుంబాలూ కలిసే వెళ్ళాలని ఒట్టు పెట్టుకున్నాం. కూరగాయల వంకతో సాయంత్రాలు తార్నాక చౌరస్తా దాకా నడిచి, ట్రావెల్స్ ఆఫీసు అద్దానికి అంటించిన స్విట్జర్లాండ్ బొమ్మ ముందు నిలబడి, ఏ స్వెటర్లు కొనాలో, సూట్‌కేసులో ఆవకాయ కారితే ఏం చేయాలో మాట్లాడుకునేవాళ్ళం. తను "పోదాం" అన్నప్పుడల్లా, మా వైపు మనుషులు పోయారంటే కాలం చేసినట్టని నేను ఏడిపించేదాన్ని. "గట్లయితే రోజూ ఆఫీసుకు పోయెటోళ్ళ గతేంది చెల్లె?" అని తను పకపకా నవ్వేది. ఇక మావారి సెలవు తేలడమే తరువాయి.

ఇంతలో గొడవలు ముదిరాయి. బందులు, గేటు దగ్గర పోలీసులు, కిటికీలు మూసినా కళ్ళు మండించే బాష్పవాయువు. ఒకరోజు బస్సులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, మీ ఊరికి మీరు పొమ్మన్నాడట మావారిని. ఆ మంటతోనే ఇల్లు చేరారు. నేను నల్లకుంటలో మా పిన్ని దగ్గర ఉన్నాను. అక్కయ్య వేడివేడి సర్వపిండి పట్టుకొచ్చి, "ఎప్పుడు పోతున్నరు సారూ మీరు?" అని అడిగింది. మేమెక్కడికీ పోమని, పొమ్మనడానికి మీరెవరని ఈయన విరుచుకుపడ్డారు.

నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. సెలవు దొరకలేదు, ప్రయాణం లేదన్నారు మావారు. అక్కయ్య ఎదురుపడితే తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఊరంతా రెండుగా చీలిన రోజులు కదా, తన మనసూ విరిగిందేమోనని కుమిలిపోయాను. కొన్నాళ్ళకు వాళ్ళు బౌద్ధనగర్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు.

రాష్ట్రం వచ్చాక కొంతకాలానికి, అక్కయ్య ఇక లేదని తెలిసి పరుగెత్తుకెళ్ళాను. అప్పుడు చెప్పారు బావగారు. "మీరు పోయే తారీఖు తెలిస్తే గా విమానానికే మేం గూడ టికెట్లు తీసుకుందమని అడగనీకి వచ్చిందమ్మా. ఎల్లగొడుతున్నదనుకున్నరు సారు. ఇన్నేండ్లల్ల నన్ను అర్థం చేసుకున్నది గింతేనా అని మస్తు ఏడ్చింది. తర్వాత నేను తోల్కపోతనన్నా రాలే, చెల్లె లేకుంట గా మంచుల నాకేం పని అన్నది."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మావారు మొహం కప్పుకుని ఏడ్చారు. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు.

ఇప్పుడు "ఎప్పుడు పోతున్నరు" అంటే ఎవరూ ఉలిక్కిపడరు. మా మనవరాలు మా యాసా అక్కయ్య వాళ్ళ యాసా కలిపి మాట్లాడుతుంది. విమానాలూ సులువయ్యాయి, తప్పిపోతామన్న భయం లేదు. అంత దూరం వెళ్ళి, ఆ తెల్లటి మంచు కళ్ళబడగానే, చూడు అక్కయ్యా అని నేను ఎవరి చెయ్యి పట్టుకోను?