నక్షాకెక్కిన కిష్టమ్మ బావి

మాదాపూర్ గుట్టల నడుమ కిష్టమ్మకున్న ఆస్తల్లా ఒక ఎర్రమట్టి చెలక చేను, అందులో ఒక బావి. మొగుడు బాలనర్సయ్యతో కలిసి బండ పగలగొట్టి తవ్వుకున్న బావి అది. నీళ్లు పడిన ఏడాదే ఆయన పోయాడు. ఆ నీళ్లతోనే వంకాయలు పండించి, గంప నెత్తిన పెట్టుకుని లింగంపల్లి టేషన్ దాకా నడిచి, అమ్ముకుని బతికింది.

పోలీసు యాక్షన్‌తో నిజాం పాలన పోయిన మరుసటి ఎండాకాలం, భూములు కొలిచి కొత్త నక్షా పటం గీస్తారని ఊళ్లో చాటింపు వేశారు. బావి కనబడితే పన్ను తడిసి మోపెడవుతుందని కల్లు దుకాణంలో తెలివైనవాళ్లంతా తేల్చేశారు. మన కిష్టమ్మ ఊరుకుంటుందా? బావి మీద ఈతమట్టలు పరిచి, కందికట్టె పేర్చి, పైన పిడకలు కూడా ఆరబెట్టింది. పక్కనే పచ్చగా ఉన్న తోటను దాచడం మాత్రం మరిచింది.

సర్వేయరు లింగమూర్తి కొలత గొలుసు లాగించుకుంటూ వచ్చి తోటను చూశాడు.

"బావి లేదా అమ్మా?"

"లేదయ్యా."

"మరి గీ వంకాయలు?"

"వానకు పండినయ్."

నెత్తిన నిప్పులు చెరిగే ఎండ. లింగమూర్తి నవ్వి చతికిలబడ్డాడు. "సరే గానీ, జర మంచినీళ్లియ్యి. పానం పోతాంది."

కుండలో చుక్క లేదు. బావి మూసినప్పటి నుంచి ఆమె తోడితే కదా! దాహమన్న మనిషికి లేదనడం ఆ తల్లికి చేతకాలేదు. అతని కళ్లముందే పిడకలు తీసింది, కట్టె లాగింది, మట్టలు తొలగించి చేద వేసింది. అతను కడుపారా తాగి, నక్షా మీద బావి గుర్తుగా చిన్న సున్న చుట్టాడు.

"నా చేతులతోనే కొంప ముంచుకుంటి గదా!" అని కిష్టమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు. బావి నక్షల ఉండుడే నీకు మంచిది."

ఆమె నమ్మలేదు. పన్ను కొంచెం పెరిగింది కూడా. లింగమూర్తిని తిట్టుకుంటూనే కట్టింది.

దసరా దాటాక పక్క చేను దొర బావిని కలుపుకుని కంచె వేశాడు. బావి తన హద్దులోదేనన్నాడు. ఆ బావి పోతే తోట లేదు, తోట లేకపోతే తిండి లేదు. కిష్టమ్మ తోటలోంచి ఉన్నపళంగా తాలూకా కచేరీకి పరుగెత్తింది. అక్కడ నక్షా విప్పారు. సున్న ఆమె చెలక గీత లోపలే ఉంది. కంచె తీసెయ్యమని దొరకు తాకీదు రాశారు.

"గా సున్న మా బావేనా?" అని గుమాస్తాను అడిగింది.

"అవునమ్మా, మీదే."

చదువు రాని కిష్టమ్మ ఆ సున్నను వేలితో తాకి కళ్లకద్దుకుంది. "ఏంది నీ మట్టి చేతులు!" అని గుమాస్తా కసిరాడు. అప్పటికే ఎర్రమట్టి వేలిముద్ర పడిపోయింది. ఇప్పుడు ఆ చోట బావి లేదు, అన్నీ అద్దాల మేడలే. ఆ పాత నక్షాలో సున్న పక్కన మరక మాత్రం ఇంకా ఉంది.

మర్నాడు ఆమె బిందెడు నీళ్లు నెత్తిన పెట్టుకుని, లింగమూర్తి అప్పుడు భూములు కొలుస్తున్న కూకట్‌పల్లి దాకా నడిచింది. అతన్ని చూడగానే కళ్లనీళ్లు ఆగలేదు.

"నిన్ను మస్తు తిట్టిన అయ్యా, మనసుల పెట్టుకోకు," అంటూ చెంబు ముంచి ఇచ్చింది. "గియ్యి నువ్వు నిలబెట్టిన నీళ్లే. తాగు."