సోలార్ ప్యానెళ్ల మీద వాలిన ఈగ

2023లో, వానలు తగ్గిన నెలల్లో జరిగింది ఇది. అప్పటికి నేను తుమకూరులో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తున్నాను. చిన్న చిన్న ఈగల ఫోటోలు చూసి అవి ఏ రకమో చెప్పడం నా ఉద్యోగం. మాది పావగడ బజారులో కిరాణా అంగడి. "అంగట్లో కూచోని ఈగలు తోలుకోమంటే వద్దని పోయి, ఇప్పుడు వాటికి పేర్లు చెప్తా ఉండావే" అని మా నాయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

రెండే రెక్కలున్న ఈగ, దోమ లాంటివన్నీ మా శాస్త్రంలో ఒకే వర్గం. ఫోటో రాగానే ముందు రెక్క మీది వెయిన్స్, అంటే సన్నటి నరాలు చూస్తాను. ఆ తరువాత యాంటెన్నా, అంటే తల మీది మీసాలు. చాలాసార్లు ఫోటోలో కుటుంబం, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపు, వరకే తెలుస్తుంది. స్పీషీస్, అంటే కచ్చితమైన జాతి, చెప్పాలంటే పురుగును మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే. ఈ మాట చెబితే నాకు పని రాదనుకునేవాళ్లు ఉన్నారు. అనుకోనీ.

పావగడ సోలార్ పార్కులోని ఒక ప్లాంటు మేనేజరు కొన్ని ఫోటోలు పంపి ఫోన్ చేశాడు. కోస్తా నుంచి వచ్చినవాడు, మాట మెత్తన.

"సాయంత్రమైతే చాలు, ప్యానెళ్ల నిండా ఈగలు అతుక్కుపోతున్నాయి మేడం. కంచె పక్కన గొర్రెల దొడ్డి ఉంది. అక్కడి నుంచే వస్తున్నాయని రాసివ్వండి, పంచాయతీకి చెప్పి తీయించేస్తాం."

ఆ దొడ్డి పార్కును ఆనుకుని ఉన్న బలసముద్రం ఊళ్లోని లక్ష్మక్కది. పొలమంతా పార్కుకు లీజుకిచ్చాక ఆమెకు మిగిలిన జాగా అదొక్కటే. అది పోతే గొర్రెలను అమ్ముకోవలసిందే.

ప్యానెళ్ల మీద తీసిన ఫోటోల్లో ఉన్నది మిడ్జ్. చూడటానికి దోమలా ఉంటుంది కానీ కుట్టదు. మగదాని మీసాలు ఈకల్లా కుచ్చులుగా ఉంటాయి. అతనే దొడ్డిలో తీసి పంపిన ఫోటోల్లో ఉన్నవి మామూలు ఇంటి ఈగలు. రెండూ వేరని చెప్పాను.

"రెండూ ఈగలే కదా మేడం."

"కోడీ కొంగా రెండూ పక్షులే సార్. కొంగ చేపలు తిన్నదని కోళ్లగూడు పీకిస్తారా?"

"సరే, ఆ మిడ్జ్ జాతి పేరేంటో చెప్పండి."

"ఫోటోలో తెలియదు."

"పేరే తెలియనప్పుడు ఎక్కడ పుట్టిందో మీకెలా తెలుస్తుంది?"

ఒళ్లు మండింది. ఈ కుటుంబంలో చాలావరకు నీళ్లలో పుడతాయి, వచ్చి చూస్తానన్నాను. మా ల్యాబు యజమాని ఒప్పుకోలేదు. "ఫోటో చూసి చెప్పడం మన పని, ఊళ్లు తిరగడం కాదు" అన్నాడు. సెలవు పెట్టి బస్సెక్కాను.

లక్ష్మక్క దొడ్డి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు ఆ ప్లాంటోళ్ల మనిషివా?"

"కాదక్కా. ఈగల్ని చూసేదానికి వచ్చినాను."

"చూసుకోమ్మా. గొర్రెలుండే చోట ఈగలుండవా? లేవని నేను చెప్పలేదే. దానికి లేచిపొమ్మంటే యాడికి పోయేది? ఉండే భూమంతా ఆళ్ల అద్దాల కిందనే ఉండాది."

దొడ్డిలో పెంట తిరగేసి చూశాను. ఉన్నవి ఇంటి ఈగ పురుగులే. కంచె లోపల, ప్యానెళ్లు కడగడానికి నీళ్లు నిలవ చేసే గుంట ఉంది. దాని అడుగు బురద చేత్తో తీస్తే సన్నటి ఎర్రటి పురుగులు మెలికలు తిరిగాయి. మిడ్జ్ పిల్లలు అలాగే ఉంటాయి. పొద్దుగూకే వేళ గుంట మీద మిడ్జులు గుంపుగా లేచి, నీళ్లలా మెరుస్తున్న ప్యానెళ్ల మీదికి దిగాయి. గుడ్లు పెట్టడానికి వాటికి నీళ్లు కావాలి, ఆ మెరుపు చూసి మోసపోతాయి. మేనేజరు నా పక్కనే నిలబడి చూశాడు.

ఆ బురదను సీసాలో పోసి, మూతికి గుడ్డ కట్టి ల్యాబుకు తెచ్చాను. అందులోంచి రెక్కలొచ్చి లేచినవి ఫోటోల్లోని మిడ్జులే. అవే నరాలు, అవే కుచ్చు మీసాలు. గుంటను శుభ్రం చేసుకోవాలనీ, దొడ్డికీ దీనికీ సంబంధం లేదనీ రిపోర్టు రాశాను.

మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. "రిపోర్టు బాగుంది మేడం. 'బహుశా దొడ్డి కూడా ఒక కారణం కావచ్చు' అని ఒక్క ముక్క చేర్చండి. సైన్సులో దేన్నీ పూర్తిగా కాదనలేం కదా."

యజమాని కూడా వంత పాడాడు. "ఒక్క మాటే కదా, రాసెయ్. పోయేదేముంది?"

"దొడ్డి పోతుంది సార్" అన్నాను. పంచాయతీలో గుంట సంగతి ఎవరూ చదవరు, ఆ ఒక్క ముక్కే చదువుతారు. కావాలంటే నా ఉద్యోగం తీసేయండి, ఆ మాట మాత్రం నా సంతకం పైన ఉండదని చెప్పేశాను. రిపోర్టు రాసినది రాసినట్టే వెళ్లింది. దొడ్డి జోలికి ఎవరూ పోలేదు.

తెలియనప్పుడు తెలియదని రాయాలని ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్చుకున్నాను. తెలిసినప్పుడు 'బహుశా' అని రాయకూడదని మాత్రం బలసముద్రంలో నేర్చుకున్నాను.