ఆకాశంలో కామా

మా బావ దగ్గర కెమెరా లేదు. అయినా ఎక్కడెక్కడి జనానికో ఏ కెమెరా కొనాలో, ఏ లెన్సు జోలికి పోకూడదో చెప్పేది ఆయనే. ఇదేం సరదా బావా అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. అడిగినదానికి నవ్వి ఊరుకునే మనుషులంటే నాకు ఒళ్లు మంట.

ఆయన వృత్తి డ్రైక్లీనింగ్. ముందు గదిలో కౌంటరు, వరసగా వేలాడే కోట్లు. వెనక గదిలో గుడగుడలాడే మిషను, ఆవిరి ఇస్త్రీ బల్ల. పైన మేం ఉండే ఇల్లు, దాని మేడ మీద దుప్పట్లు ఆరేసే తీగలు, నీలం రంగు నీళ్ల ట్యాంకు. కౌంటరు దగ్గర కూర్చుని రసీదులు రాసేది నేను. బట్ట విప్పి చూసి ఇది టీ మరక, ఇది సిరా, ఇది ఏమిటో ఇచ్చినవాళ్లే చెప్పలేరు అని తేల్చేది బావ.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఫోను తీస్తాడు. ఇంటర్నెట్లో 'కెమెరా కబుర్లు' అని ఒక గుంపు ఉంది. సరదాకి ఫొటోలు తీసేవాళ్లంతా అక్కడ చేరి అడుగుతుంటారు, చూపించుకుంటుంటారు, అప్పుడప్పుడు కొట్టుకుంటుంటారు. అందులో బావ పేరు 'తెల్లచొక్కా'. కొత్త కెమెరా ఏది కొనమంటారు అని ఎవరైనా అడిగితే, ముందు ఏం తీయాలనుకుంటున్నారో చెప్పండి అంటాడు. దానికి జవాబు లేనివాళ్లే ఎక్కువ. లెన్సు మార్చాలా అంటే, ఉన్నదాని అద్దం ఎప్పుడు తుడిచారని అడుగుతాడు. ఒకాయన తన పేరు ఫొటో నడిమధ్యన ఇంత లావున వేసుకుని, దొంగలు ఎత్తుకుపోకుండా అన్నాడు. దానికి బావ, "దొంగల మాట అలా ఉంచండి, చూసేవాళ్లు కూడా పారిపోతున్నారు" అని రాశాడు. ఒక్కసారే ముప్పై నలభై ఫొటోలు గుమ్మరించేవాళ్లకు, బాగున్నది ఒక్కటి పెట్టండి, మా వేళ్లు అరుగుతున్నాయి అని చెబుతాడు. ఫోనులో పంపితే ఫొటో ఎందుకు పాడవుతుందని మా ఎదురింటి టీచరమ్మ అడిగితే, ఇస్త్రీ చొక్కాను సంచిలో కుక్కితే ఏమవుతుందో అదే అవుతుంది అన్నాడు. ఆవిడకు వెంటనే అర్థమైంది.

ఆయనకు ఒకప్పుడు కెమెరా ఉండేది. పెళ్లిళ్ల ఫొటోలు మానేసిన ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడు. మంగళవారం షాపుకు సెలవు. ఆ రోజు పొద్దున్నే అక్కా బావా కలిసి ఏటి ఒడ్డు దాకా నడిచేవాళ్లు, బావ ఫొటోలు తీసేవాడు, అక్క సంచులు మోసేది. ఒకరోజు ఏటి దగ్గర లెన్సు మారుస్తూ, పాతది ఊడదీసిన కెమెరాను కాసేపు పట్టుకో అని అక్క చేతికిచ్చాడు. అక్క పట్టుకుంది. పట్టుకుని తుమ్మింది. మా అక్క తుమ్మంటే ఇంటి కిటికీలకు తెలుసు.

ఆ తుంపర లోపల బొమ్మ పట్టే సెన్సర్ మీద పడి ఎండిపోయింది. ఆ తర్వాత తీసిన ప్రతి ఫొటోలో, ఆకాశంలో కుడివైపు పైన, చిన్న తోకతో ఒక మచ్చ. అచ్చం కామాలా. మరకలు పోగొట్టడమే బతుకుతెరువైన మనిషి, ఆ ఒక్క మరక జోలికి పోలేదు. "మీ అక్క సంతకం, ఉండనీ" అనేవాడు. తను తీసినవి మా ఇద్దరికి తప్ప ఎవరికీ చూపించేవాడు కాదు కాబట్టి, ఆ సంతకం సంగతి కూడా మాకే తెలుసు.

నిరుడు వానాకాలంలో ఏటి దగ్గర వాన పట్టుకుంటే ఇద్దరూ టాక్సీలో తిరిగొచ్చారు. ఇంటికొచ్చి చూస్తే గొడుగు ఉంది, కూరగాయల సంచి ఉంది, కెమెరా సంచి లేదు. అక్క వెనక సీట్లో మర్చిపోయింది. వెతకని చోటు లేదు, అడగని డ్రైవరు లేడు. బావ ఒక్క మాట అనలేదు. "పోతే పోయిందిలే" అని తువ్వాలు తీసుకుని తల తుడుచుకున్నాడు.

అనేసి ఉంటే బాగుండేది. అక్క ఆ తిట్టు కోసం వారాల తరబడి ఎదురుచూసింది. అన్నం వడ్డిస్తూ మొహం చూసేది, మంచినీళ్లిస్తూ మొహం చూసేది. ఆయనేమో మునుపటికన్నా మెత్తగా మాట్లాడేవాడు. క్రమంగా మంగళవారం నడక అనగానే అక్కకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యేవి. మిగతా రోజుల్లో ఆ మోకాళ్లే మేడ మీదికి తడి దుప్పట్లు మోసేవి. ఒకసారి నా దగ్గర బయటపడింది. "తిట్టేసుంటే ఏడ్చేసి ఊరుకునేదాన్నే. మనసులో పెట్టుకున్నారు. నాతో మాట్లాడినప్పుడల్లా అదే కనిపిస్తోంది నాకు."

బావను అడిగాను. "నిజంగా కోపం రాలేదా?"

"కోప్పడితే కెమెరా వస్తుందా?"

"అది కాదు నేనడిగింది."

మళ్లీ నవ్వి ఊరుకున్నాడు. ఊళ్లోవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పే మనిషికి, ఇంట్లో ఒక్క మాటకు నోరెందుకు పెగలదో నాకు ఎంత ఆలోచించినా తెలిసేది కాదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం బావ ఇస్త్రీ బల్ల దగ్గర ఒక చేత్తో ఇస్త్రీ పెట్టె, ఒక చేత్తో ఫోను పట్టుకుని కొయ్యబారిపోయాడు. "బావా, కాలర్ మాడిపోతోంది!" అని అరిచి నేనే వెళ్లి పెట్టె ఎత్తాను. ఆయన ఫోను నావైపు తిప్పాడు.

గుంపులోకి 'పిచ్చుక' అని ఎవరో కొత్తగా చేరారు. పెద్ద క్రేను నడిపే అమ్మాయట. పైన క్యాబిన్లోంచి తీసిన ఫొటోలు పెట్టి అడిగింది: "నా ఫొటోల్లో ఆకాశంలో కుడిపక్క ఏదో మచ్చ వస్తోంది. లెన్సు ఎంత తుడిచినా పోవట్లేదు. ఎందుకంటారు?"

ఫొటోలో బోలెడు ఇంటికప్పులు, వాటి మీద బోలెడు ఆకాశం. ఆ ఆకాశంలో మా అక్క తుమ్ము.

ఫోను లాక్కున్నాను. ఫొటో పెద్దది చేసి చూస్తే కిందివైపు ఒక మేడ, తీగల మీద దుప్పట్లు, నీలం ట్యాంకు. "బావా, ఇది మనిల్లు!" అన్నాను. ఇద్దరం వీధిలోకి పరిగెత్తాం. రోడ్డు చివర కొత్త బిల్డింగు మీద క్రేను మెల్లగా తిరుగుతోంది. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం అది మా వంకే చూస్తున్నట్టనిపించింది.

"వెళ్లి అడుగుదాం పద" అన్నాను.

"ఏమని? బిల్లు లేదు, డబ్బా లేదు. ఆ కామా తప్ప మనదని చెప్పడానికి ఏముంది?" అని లోపలికొచ్చి కూర్చున్నాడు. "మీ అక్కకి చెప్పకు. ఆశపెట్టి మళ్లీ లేదంటే తట్టుకోలేదు."

ఆ అమ్మాయి ప్రశ్నకు ఎంతో ఆలోచించి జవాబు రాశాడు. లెన్సులో వెలుతురు వచ్చే కంత బాగా తెరిచి తీయండి, మచ్చ కనిపించదు అని. నేను భుజం మీంచి చదివాను.

"కనిపించదన్నావు. ఎలా పోతుందో చెప్పలేదే?"

"అబద్ధం చెప్పలేదుగా."

"నిజం కూడా సగమే చెప్పావు. పూర్తిగా చెబితే ఆ పిల్ల తుడిచేస్తుంది, నీ సాక్ష్యం పోతుంది. అంతేగా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. అంతే మరి.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం పిచ్చుక ఏం పెట్టిందా అని ఇద్దరం కళ్లలో వత్తులు వేసుకుని చూసేవాళ్లం. క్రేను కొక్కెం మీద వాలిన పావురం. నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ అన్నాలు తింటున్న పనివాళ్లు. ఊరికి ఒక పక్క వాన, రెండో పక్క ఎండ. బావ నోరు తెరుచుకుని చూసేవాడు. "నా దగ్గరున్నన్నాళ్లూ ఏరు దాటలేదు. ఎంత ఎత్తెక్కింది చూడు" అనేవాడు. ఆ మాటలో ముచ్చటా ఉంది, కడుపుమంటా ఉంది.

కొన్నాళ్లకు పిచ్చుక మళ్లీ అడిగింది. కంత తెరిస్తే దూరంగా ఉన్నవి మసకబారుతున్నాయట, అసలు ఆ మచ్చ పోయే దారే లేదా అని. ఈసారి గుంపంతా ఎగబడింది. లెన్సు ఊడదీసి నోటితో ఊదేయమ్మా అని ఒకడు. చొక్కా అంచు తడిపి తుడిచెయ్, నేనదే చేస్తా అని ఇంకొకడు. 'సరే, సాయంత్రం చేసి చూస్తా' అని పిచ్చుక.

బావ లేచి నిలబడ్డాడు. తడిగుడ్డతో రుద్దితే మచ్చతో పాటు కెమెరా కూడా పోతుంది. గబగబా రాశాడు: "ఏమీ ముట్టుకోకండి. ఊదకండి. నేను మీకు మొదట సగమే చెప్పాను, తప్పు నాదే. మీ క్రేను ఉన్న రోడ్డులోనే, మొదట్లో నీలం ట్యాంకు ఉన్న డ్రైక్లీనింగ్ షాపు మాది. తీసుకురండి, నేను శుభ్రం చేసిస్తాను."

"బాగు చేయడానికి పిలిచావా, పట్టుకోవడానికి పిలిచావా?" అన్నాను.

"వచ్చాక తెలుస్తుంది" అన్నాడు. ఆయనకే తెలియదని మొహం చూస్తే తెలుస్తోంది.

సాయంత్రం వచ్చింది. సన్నగా, ఎండకు కమిలిన మొహంతో, చంకలో హెల్మెట్ పెట్టుకుని. "తెల్లచొక్కా గారు మీరేనా సార్?" అంటూ సంచిలోంచి కెమెరా తీసి కౌంటరు మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే అక్క ఫ్లాస్కులో టీ పట్టుకుని మెట్లు దిగింది. నేను అడ్డం నిలబడబోయాను గానీ అక్క నన్ను ఎప్పుడు లెక్కచేసింది గనక. కెమెరా వెనక తెర మీద ఆ రోజు ఫొటో వెలుగుతోంది.

అక్క ఫ్లాస్కు కింద పెట్టింది. తెర మీద వేలు పెట్టింది.

"ఇది నా తుమ్ము" అంది.

పాపం ఆ పిల్ల మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. నేనే మొదట్నుంచి చెప్పుకొచ్చాను. వింటుంటే దాని మొహం మాడిపోయింది. బస్టాండు పక్క పాత సామాన్ల షాపులో కొన్నానంది. ఆ మాట నిజమేనని మొహమే చెబుతోంది. కెమెరాను రెండు చేతులతో బావ వైపు జరిపింది. "నాకు తెలీదు సార్. మీదే, తీసుకోండి."

బావ ముట్టుకోలేదు. అక్కే అంది, "తీసుకోండి ఇంక. పోగొట్టింది నేను, దొరికిందిగా. ఇకనైనా నాకు మనశ్శాంతి."

అంతే, బావ బద్దలైపోయాడు.

"నీకు మనశ్శాంతి! మరి నాకు? సంచి ఒళ్లో పెట్టుకో అని చెప్పానా లేదా? కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుంటావు, కెమెరా పక్కన పడేస్తావు! దిగేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి సీటు చూస్తే ఏం పోయేది? వంకాయలు గుర్తున్నాయి నీకు! ఎంత కోపం వచ్చిందో తెలుసా నాకు? ఇప్పటికీ వస్తోంది!"

కోటు తీసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయాడు. అక్క స్టూలు మీద కూలబడింది. కళ్లమ్మట నీళ్లు జలజలా కారుతున్నాయి.

"హమ్మయ్య" అంది. "ఇన్నాళ్లకి తిట్టారు."

బావ కూడా కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. కోప్పడితే నువ్వు బాధపడతావని దాచుకున్నా అన్నాడు. దాచుకున్నారు కాబట్టే బాధపడ్డా అంది అక్క. ఆ పిల్ల నావైపు వంగి, నేను వెళ్లి రేపు రానా అని గుసగుసగా అడిగింది. కూర్చోమని టీ పోసిచ్చాను.

ఆ తర్వాత బావ చేతులు కడుక్కుని, మిషను ఆపించి, బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచాడు. పుల్లకు చుట్టిన మెత్తటి గుడ్డ, సెన్సరుకు వాడే మందు బీరువాలోంచి తీశాడు. కెమెరా లేని మనిషి అవి ఎందుకు దాచుకున్నాడో అడగాలనిపించింది కానీ అడగలేదు. "మరకలు రెండు రకాలమ్మా, ఊదితే పోయేవి, తడిపితే గానీ పోనివి" అని పిచ్చుకకు చెప్పాడు. "ఫొటోలో పైన కనిపించేది లోపల కింద ఉంటుంది. బ్యాటరీ నిండుగా లేకుండా మాత్రం ఎప్పుడూ చేయకు." ఈసారి ఏదీ సగం చెప్పలేదు.

పుల్ల లోపల పెట్టేముందు అక్క వైపు చూశాడు. "తుడిచేయనా?"

"తుడవండి. మళ్లీ కావాలంటే మళ్లీ తుమ్ముతాను" అంది అక్క, గుమ్మం అవతల ముక్కు మూసుకుని నిలబడి.

తెల్ల దుప్పటి ఒకటి గోడకు కట్టి, కంత చిన్నది చేసి ఫొటో తీసి చూశారు. మచ్చ లేదు. బావ కెమెరాను కాసేపు రెండు చేతుల్లో పట్టుకుని, పట్టీ సర్ది, ఆ పిల్ల మెళ్లో వేశాడు. వద్దు సార్ అని అది ఎంత మొత్తుకున్నా వినలేదు. "ఆ ఎత్తు నేనెక్కలేను. ఎక్కినా కళ్లు తిరిగి కింద పడతాను, మీ అక్కయ్య ఆసుపత్రిలో కూడా నన్ను మర్చిపోయి వస్తుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఇవ్వడం ఆయనకు తేలిక కాలేదు. అది వెళ్లిపోయాక చాలాసేపు ఖాళీ బల్లనే తుడుస్తూ ఉండిపోయాడు.

మంగళవారం షాపు సెలవు కదా, నేను ఇంట్లో పడుకుని ఫోను చూస్తున్నాను. పిచ్చుక పెట్టిన ఫొటో వచ్చింది. పొద్దుటి ఎండ, ఏటికి వెళ్లే దారి, పైన మచ్చలేని ఆకాశం. దారి మీద ఇద్దరు మనుషులు గోరంత కనిపిస్తున్నారు. వేళ్లతో లాగి పెద్దది చేశాను. ముందు నడుస్తున్న ఆవిడ చేతిలో సంచి ఉంది. వెనకాయన చెయ్యి గాలిలోకెత్తి ఏదో అంటున్నాడు. ఖాయంగా తిడుతున్నాడు. ఆవిడ మాత్రం మోకాళ్ల నొప్పులేవీ లేనట్టు టకటకా నడుస్తూ, తల వెనక్కి తిప్పి నవ్వుతోంది.