ఇంజన్ ఆపి చూసిన నూనె

2022 ఆగస్టులో నన్ను సూర్యాపేట వర్క్‌షాప్‌కు వర్క్స్ మేనేజర్‌గా వేశారు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉంది. మాది ఒక కార్ల డీలర్ సంస్థ. కోదాడ, మిర్యాలగూడ బ్రాంచీలు కూడా నా కిందికే వచ్చేవి. బండి రాగానే సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డు రాస్తాడు. యజమాని ఫిర్యాదు, మేము చేయబోయే పని అందులో ఉంటాయి. మెకానిక్ చూస్తాడు, సూపర్‌వైజర్ ఖాయం చేస్తాడు. ఇంజన్ గాని గేర్‌బాక్స్ గాని మొత్తంగా మార్చాలంటే మాత్రం ఎస్టిమేట్ మీద వర్క్స్ మేనేజర్ సంతకం తప్పనిసరి. బ్రాంచీల నుంచి అవి ఫోన్‌లో ఫొటోలుగా వచ్చేవి. ప్రింటు తీయించి, సంతకం పెట్టి, తిరిగి పంపేవాణ్ణి. ముప్ఫై ఆరేళ్ల అనుభవం కదా, చదవకుండా పెట్టినా తప్పు జరగదనే ధీమా నాది.

డిసెంబరులో రెండో శనివారం ఉదయం గేటు బయట నుంచే ఒక మోత వినబడింది. పలచగా, గుయ్‌మని, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పైకి పోతోంది. చిన్న ఆటోమేటిక్ కారు, పదమూడేళ్లది. అందులోంచి ఒకావిడ చేతికర్ర ఆనించుకుని మెల్లగా దిగింది. పేరు సువార్త. త్రిపురారంలో ప్రభుత్వ బడి టీచరు, ఉండేది మిర్యాలగూడలో. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేదు కాబట్టి ఆటోమేటిక్ బండి మాత్రమే నడపాలని ఆవిడ లైసెన్సులోనే ఉంది.

ఆవిడ కూర్చోలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది.

“సార్, దీని మీద సంతకం మీదే కదా. నా బండిని మీరు సూసిండ్రా?”

మా మిర్యాలగూడ బ్రాంచీ ఎస్టిమేట్ అది. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని ఉంది. బండి అమ్మితే వచ్చే దానికన్నా ఆ ఖర్చే ఎక్కువ. కింద నా సంతకం చక్కగా, తీరుబడిగా ఉంది. చూడలేదని చెప్పాను. సిగ్గేసింది, దాంతోపాటు కొంచెం కోపమూ వచ్చింది. తప్పు దొరికిపోయినవాడికి మొదట వచ్చేది కోపమేనేమో.

అప్పుడు కూర్చుంది. ఈ బండి కొనకముందు బడికి ఎలా వెళ్లేదో చెప్పింది. బస్సు మెట్టు ఎత్తు. ఆటోలో ఇరికి కూర్చుంటే కాలు మడత పడదు. రోజూ ఎవరో ఒకరిని బతిమాలి, వాళ్లకు వీలైన వేళకు వెళ్లి, వాళ్లకు వీలైన వేళకు వచ్చేది. కొత్త ఆటోమేటిక్ కొనే స్తోమతు లేదు. బండి పోతే టౌన్‌లోనే ఏదో ఒక ఆఫీసులో వేయమని దరఖాస్తు పెట్టుకోవాలి, పాఠాలు చెప్పడం ఆగిపోతుంది. దరఖాస్తు రాసి సంచిలోనే పెట్టుకుని వచ్చింది.

“ఇంకొకల్లు తోల్కవోతే పోవుడు నేను బంద్ జేసి ఐదేండ్లయింది సార్. మళ్ల గదే బతుకంటే నాతోని కాదు.”

బయటికి వచ్చి వర్క్‌షాప్ కోటు తొడుక్కున్నాను. మెకానిక్‌లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కోటు నా ఒంటి మీద చూడటం వాళ్లకు అదే మొదలు.

మోత వినగానే గేర్‌బాక్స్ పోయిందనడం తేలిక. ముందు తేల్చాల్సింది అది దేనితో పెరుగుతోందన్నది. చక్రాల వేగంతో పెరిగితే గేర్లో, బేరింగులో అరిగాయని అనుమానించాలి. బండి కదలకుండా పార్కింగ్‌లో ఉన్నప్పుడు కూడా ఇంజన్‌తో పాటు పెరిగితే ముందు వైపుండే నూనె పంపును చూడాలి. ఈ బండి నిలబడి ఉన్నా అరుస్తూనే ఉంది. పంపుకు నూనె చాలక, గాలి పీలుస్తోందని నాకు అనిపించింది. కానీ ఎస్టిమేట్‌కు జతచేసిన జాబ్ కార్డులో నూనె లెవెల్ దగ్గర టిక్కు ఉంది. అది ఎప్పుడు, ఎలా చూశారని నేనే అడగలేదు.

టీచరమ్మ నూనె తక్కువయ్యే ప్రశ్నే లేదంది. ఒక నోటుబుక్కు చూపించింది. ప్రతి ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరే ముందు, ఇంజన్ స్టార్ట్ చేయకముందే, నూనె కొలిచే డిప్‌స్టిక్ తీసి చూసి రాసుకుంది. ఐదేళ్ల రాతలు. ఆ పద్ధతి నేర్పింది యాదగిరి. మిర్యాలగూడలో ట్రాక్టర్లు, వరికోత మిషన్లు బాగుచేసే మేస్త్రి. ఆవిడ దగ్గర ఏనాడూ మజూరీ తీసుకోలేదట.

నోటుబుక్కులో అక్కడక్కడ ‘గీత దాటింది, తీసినం’ అని ఉంది. తీయడమేమిటని అడిగాను. గీతకు పైన ఉంటే మంచిది కాదని యాదగిరి సన్న పైపుతో గుంజేసేవాడట.

అక్కడ నాకు విషయం అర్థమైంది. ట్రాక్టర్ ఇంజన్‌కు ఆ పద్ధతి నూటికి నూరుపాళ్లు సరైనదే. ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు సరిగ్గా తిరగబడుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు నూనెలో కొంత పైన తిరుగుతూ ఉంటుంది. ఆపితే అది కింది ట్రేలోకి దిగి లెవెల్ ఎక్కువగా కనబడుతుంది. అందుకే బండిని కాసేపు నడిపి, నూనె వేడెక్కాక, సమతలం మీద నిలిపి, బ్రేకు తొక్కి గేరు లివర్‌ను అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి, పార్కింగ్‌లో పెట్టి, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. అలాగే చూశాను. డిప్‌స్టిక్ కొస మాత్రమే తడిసింది, ఆ తడి నిండా బుడగలు. ఆవిడ ఎంత శ్రద్ధగా చూసుకుందో, బండి అంతగా ఎండిపోయింది.

నూనె ట్రే విప్పించాను. లోపలి అయస్కాంతానికి ఇనుప తునకలు అంటి ఉంటే నా సంతకమే నిజమయ్యేది. మెత్తటి బూడిదరంగు ముద్ద మాత్రమే ఉంది. ఈ వయసు బండికి అది మామూలే. నూనె మాడు వాసన లేదు, కానీ జాతి వేరు. ఒకసారి నూనె మార్చినప్పుడు, ఎర్రగా ఉంది కదా అని యాదగిరి కోత మిషన్ స్టీరింగ్‌లో పోసే నూనె పోశాడట. ఆ ఎరుపు, కారితే గుర్తుపట్టడానికి కలిపే రంగు మాత్రమే. ఏ గేర్‌బాక్స్‌కు సరిపోతుందో రంగు చెప్పదు. గేరు పడేటప్పుడు బండి కుదుపుతోందని కూడా టీచరమ్మ చెప్పింది, దానికి కారణం అదే కావచ్చు.

ఇక ఏ నూనె పోయాలన్నది. మా దగ్గర ఉన్నది కొత్త బండ్ల కోసం వచ్చిన పలచటి రకం. బండి మాన్యువల్‌లో రాసినది పాత రకం. కోదాడ స్టోర్‌కు ఫోన్ చేస్తే, పాతవి సీలు తీయనివి నాలుగు డబ్బాలు ఉన్నాయన్నాడు అక్కడి స్టోర్‌కీపర్. అయినా ఎందుకండీ, కొత్తది అన్నిటికీ పనికొస్తుందని డబ్బా మీదే రాశారు కదండీ అని నన్ను మందలించాడు. డబ్బా వెనకాల చిన్న అక్షరాల జాబితా చదవమన్నాను. ఆ మోడల్ అందులో లేదు. సాయంత్రానికి పాత డబ్బాలు బస్సులో వచ్చాయి.

మిషన్ పెట్టి మొత్తం కడిగేద్దామన్నాడు సూపర్‌వైజర్. నేను వద్దన్నాను. పాత గేర్‌బాక్స్‌లో పేరుకున్న మడ్డి ఒక్కసారిగా కదిలితే సన్నటి దారులు మూసుకుపోతాయి. ట్రేలోంచి దిగినంత దింపి, ఫిల్టర్ మార్చి, మాన్యువల్ చెప్పిన నూనె పోసి, వేడి మీద లెవెల్ చూశాం. ఇంజన్ రేజ్ చేశాను. మోత లేదు. టీచరమ్మ కిటికీ దించి, ఇంకొకసారి తొక్కి చూసుకుంది. చాలా సంతోషం వేసింది నాకు. కుదుపు తగ్గాలంటే కొన్నాళ్లు నడిపి, ఇంకో రెండుసార్లు ఇలాగే మార్చాలని చెప్పాను.

వెళ్లబోతూ ఆగింది. “యాదగిరన్నను ఏమనకుండ్రి సార్. బండి ఖతమైందని అందరన్నా ఆయనొక్కడే అనలే.”

రెండోసారి నూనె మార్చడానికి వచ్చినప్పుడు అతన్నీ వెంట తెచ్చుకుంది. నేనేమీ అనలేదు. ఇంజన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి డిప్‌స్టిక్ తీసి అతని చేతికే ఇచ్చాను. రెండింటి తేడానూ చాలాసేపు చూశాడు. మొహం పాలిపోయింది.

“అంటే ఇన్నేండ్లు టీచరమ్మ బండిని నేనే ఎండవెట్టిన్నా సార్?”

సొరుగులోంచి ఆ ఎస్టిమేట్ తీసి అతని ముందు పెట్టాను. సంతకం నాదేనని చెప్పాను. అతను కాగితం చూసి, నన్ను చూసి, డిప్‌స్టిక్‌ను తుడిచి తిరిగి దాని గొట్టంలో పెట్టాడు. మా జాబ్ కార్డులో లెవెల్ టిక్కు తీసేయించి, ‘ఇంజన్ నడుస్తుండగా, వేడి మీద, చూసినవారి పేరు’ అనే గడి పెట్టించాను. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, చూడని బండికి గేర్‌బాక్స్ ఎస్టిమేట్ మీద నేను సంతకం పెట్టలేదు.

యాదగిరి బండి చూసి పొరబడ్డాడు. నేను అసలు బండే చూడలేదు. అతని పొరపాటు తెలియజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. నాది తెలియజెప్పడానికి ఆవిడ ఆ మోతతోనే మిర్యాలగూడ నుంచి బండి నడుపుకుంటూ రావలసి వచ్చింది.