రాళ్లకు కాపలా కాసిన ఎల్మర్ గారు

సస్కాచెవాన్ అను చలిసీమలో, మంచుపై రాళ్లు జార్చి ఆడు మా ఊరి కర్లింగ్ ఆటశాలకు మంచునేల సిద్ధపరచు బాధ్యత శ్రీ ఎల్మర్ హ్రిచుక్ గారిది. బరువైన ఆటరాళ్లు చక్కగా జారుటకు ఆయన మంచుపై గోరువెచ్చని నీటిచుక్కలు చల్లుదురు. ఆ పనియే ఆయనకు ప్రాణము. శాల తాళపుచెవి ఆయన మెడలోనే ఉండును.

ఆయనకు బాల్యము నుండి మూర్ఛవ్యాధి. పోయిన ఫిబ్రవరిలో, పోటీలకు ముందు గురువారము, ఫిట్లు వరుసగా వచ్చినవి. శుక్రవారము మాత్రము ఆయన నున్నగా గడ్డము గీసుకొని పనికి వెళ్లిరి. భార్య డోరిస్ గారు వెంటనే శాల అధ్యక్షులు లోర్న్ పెట్రివ్ గారికి ఫోను చేసిరి.

"ఆ తాళం తీసేసుకో, లోర్న్. ఇన్ని ఫిట్లొచ్చాక ఒక రోజు బానే ఉంటాడు, ఆపైన మతి తప్పుతుంది. రెండూ ఆ మెదడులోంచే వస్తాయని డాక్టరు ఎప్పుడో చెప్పాడు."

"ఇప్పుడే చూశా కదమ్మా, శుభ్రంగా ఉన్నాడు. మొహం మీద ఎలా అడగను?"

"శుభ్రంగా ఉన్నాడనేగా నా భయం!"

మా ఊరివారు మంచులో దిగబడిన పరాయివాని కారునైనను లాగుదురు గాని, మనిషి ముఖము మీద కాదనజాలరు. లోర్న్ గారు తాళము అడుగలేదు.

పోటీల నాడు, శనివారము ఉదయము, ఎల్మర్ గారు లోపల గడియ వేసికొని, కిటికీ నుండి ప్రకటించిరి.

"రాళ్లు పడుకున్నాయి. కాపలా ఉండమని పైనుంచి నాకు ఆజ్ఞ. చప్పుడు చెయ్యకండి!"

కనురెప్పలు గడ్డకట్టు చలిలో రెండు జట్లవారు, వారిలో లోర్న్ గారును, రాళ్ల ముందర మంచు తుడుచు ఆటచీపుళ్లు పట్టుకొని నిలిచిరి. ఒక్కరును కాదనలేదు.

"ఎంతసేపు పడుకుంటాయంటావ్, ఎల్మర్?" అని లోర్న్ గారు గుసగుసగా విచారించిరి.

"నీ రాయి పోయినేడాది నుంచీ నిద్రలోనే ఉందిగా!"

ఎదుటి జట్టువారు నవ్వును దగ్గుగా మార్చుకొనిరి.

అంతలో డోరిస్ గారు వచ్చిరి. "రాళ్ల సంగతి నాకు తెలీదు. నువ్వు మాత్రం రాత్రంతా కన్ను మూయలేదు. డాక్టరు దగ్గరికి పోదాం, తలుపు తియ్."

"మరి కాపలా?"

"లోర్న్ ఉంటాడు. వాడికి మాత్రం వేరే పనేముంది?"

తలుపు తెరచుకొన్నది.

మందులతో కొద్దిదినములలో ఎల్మర్ గారి మతి కుదుటపడినది. పని పోవునని బెంగతో ఆయన శాల నిర్వాహక సంఘము ఎదుట నిలిచిరి. సభ్యులు చాలాసేపు వాతావరణము గూర్చి ముచ్చటించిరి. తుదకు ఆయనయే, "నన్ను తీసేస్తారా?" అని అడిగిరి.

"తీసేస్తే మంచెవరు చేస్తారు?" అనిరి లోర్న్ గారు. ఫిట్లు వచ్చిన నాడే తాళము డోరిస్ గారికి చేరవలెననియు, ఆమె సరేనన్న పిదప మరల ఆయనకే ఇయ్యవలెననియు తీర్మానించిరి.

మార్చిలో ఫిట్లు మరల వచ్చినవి. ఆ సాయంత్రమే లోర్న్ గారు వారి ఇంటికి వచ్చి, టోపీ నలుపుచు, "తాళం ఇవ్వు, ఎల్మర్" అనిరి.

"నీళ్లు ఎవరు చల్లుతారు?"

"నేనే."

"నువ్వా! బంగాళదుంపల మడికి పెట్టినట్టు పోస్తావ్." ఎల్మర్ గారు తాళము తీసి భార్య చేతిలో పెట్టి, "డోరిస్, నన్ను రేపు అక్కడ బల్ల మీద కూర్చోనిస్తావా? వీడికి చెప్పకపోతే మంచు పాడవుతుంది" అనిరి.

"నేనూ పక్కనే కూర్చుంటా" అని డోరిస్ గారు తాళము తన మెడలో వేసికొనిరి.