‘ఆయ్’ అన్న చేప

ఆ రోజుల్లో నేను హాస్యం సృష్టిస్తున్నాననే అనుకునేవాణ్ణి. చదివినవాళ్ళు నవ్వేవాళ్ళు కాబట్టి ఆ భ్రమ చాలాకాలం వదల్లేదు. కొండమీద అద్దాల ఆఫీసులో ఉద్యోగం, గాజువాకలో ఇల్లు, మధ్యలో గంటన్నర బస్సు. ఆ గంటన్నరలో ఫోన్ మీద వేలితో బొమ్మలు గీసి, పేరు చెప్పకుండా నెట్‌లో పెట్టేవాణ్ణి. అన్నీ కంప్యూటర్ ఉద్యోగుల కష్టాలే. మనిషి ముక్కు గీయడం చేతకాక (ఎవర్ని గీసినా మా మేనమామలాగే వచ్చేవాడు) ఒక కానాగంత చేపని హీరోని చేశాను. దాని మెడలో ఆఫీసు ట్యాగు. చేపకి మెడ ఎక్కడుంటుందని ఎవరూ అడగలేదు. మేనేజరేమో కళ్ళజోడు పెట్టుకున్న పీత.

చేపకి మాటలు కావాలి కదా. మాది గోదావరి వైపు నుంచి స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. మా మర్యాదల భాష చేపకి నప్పదనిపించింది. నా పక్క సీట్లో యారాడ బావ ఉండేవాడు. (చుట్టరికం ఏమీ లేదు, మా ఊళ్ళో పక్క సీటువాడు బావే.) సముద్రం ఒడ్డున యారాడలో వాళ్ళింట్లో చేపల వేటకి వెళ్ళకుండా ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి. వాళ్ళమ్మ చూసి మురిసిపోతుందని, ఇంటికి చేరేదాకా మెడలోంచి ట్యాగు తీసేవాడు కాదు. సర్వర్ ఆగిపోతే, ‘ఏటి బావా, ఇది మళ్ళీ సచ్చిపోనాది’ అనేవాడు. ఆ మాటలన్నీ అడక్కుండా ఎత్తుకెళ్ళి చేప నోట్లో పెట్టాను. ఆఫీసంతా పడీపడీ నవ్వారు. బావ కూడా నవ్వి, ‘ఎవుడో గానీ మన ఆఫీసోడే బావా’ అన్నాడు. నేను మహా అమాయకంగా తలూపాను.

ఒకసారి గీయడానికి ఏమీ తోచక పొయ్యిమీద కుండ గీశాను. పీత గరిటె పట్టుకుని, ‘మనమంతా ఒకే కుటుంబం’ అంటుంది. కుండలోంచి చేప తల బయటపెట్టి, ‘ఆయ్! మరి కుండలో నాను ఒక్కణ్ణే ఉన్నానేటి?’ అంటుంది. వారం తిరక్కుండా మా ప్రాజెక్టు మూసేస్తున్నారని, సగంమందిని తీసేస్తున్నారని నిజంగానే కబురొచ్చింది. నాది కాకతాళీయం. పైవాళ్ళు మాత్రం రహస్యం ఎవరో ముందే బయటపెట్టారనుకున్నారు. ఆ భాష ఎవరిదని విచారిస్తే, చేప, సముద్రం, ‘నాను’, ‘ఏటి’ అన్నీ కలిసి నేరుగా యారాడ వైపు చూపించాయి.

హెచ్చార్ మేడమ్‌కి తెలుగు రాదు. అందుకని బొమ్మకి అర్థం చెప్పమని లోపలికి ఎవర్ని పిలిచారనుకున్నారు? నన్నే. బావ ఎదురుగా కూర్చుని ఉండగా, నా హాస్యాన్ని నేనే ఇంగ్లీషులో చదివి వినిపించాను. (అంత చప్పగా నా జోకు ఎప్పుడూ వినలేదు.) బావ ఇంగ్లీషులో మొదలుపెట్టి, కంగారులో తెలుగులోకి దిగిపోయాడు. ‘ఈ ఆయ్ అన్నది మా మాట కాదు మేడమ్! మా ఊళ్ళో ఎవుడూ అలాగనడు. ఇది గోదారోళ్ళ మాట!’ పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో ‘అవునండీ’కి బదులు నీళ్ళకంటే ఎక్కువ వాడే మాట అది. నాకు తెలియకుండానే చేప నోట్లోకి జారిపోయింది. బావ అన్నది ఇంగ్లీషులో చెప్పక తప్పలేదు. ‘నిజమేనా?’ అని మేడమ్ నన్ను అడిగారు. ‘అదొక ఊతపదం మేడమ్. అర్థమేమీ లేదు. ఎవరైనా అంటారు,’ అన్నాను.

బావ తల తిప్పి నావైపు చూశాడు. తన ఇష్టంతోనే మానేస్తున్నట్టు రాయించుకుని, ట్యాగు బల్లమీద పెట్టి వెళ్ళమన్నారు. లిఫ్టు దగ్గర, ఖాళీ మెడ తడుముకుంటూ, ‘మాయమ్మకి ఏటి సెప్పాల బావా?’ అన్నాడు. ‘నేనే’ అన్న రెండక్షరాలు నా నోటి దాకా రాలేదు. నా ఉద్యోగం ఉండిపోయింది. ఆ రోజుతో బొమ్మలు మానేశాను, అదేదో పెద్ద ప్రాయశ్చిత్తమైనట్టు.

రెండేళ్ళ తర్వాత గాజువాకలో షేర్ ఆటో ఎక్కితే ఎదురుగా బావ. అచ్యుతాపురంలో ఏదో ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూస్తున్నాడట, షిఫ్టులట. ‘ఆ చేప...’ అని మొదలుపెట్టాను. ‘ఒగ్గీ బావా. ఆ గదిలోనే తెలిసిపోనాది. మన సీట్ల వరసలో నువ్వు తప్ప ఆయ్ అన్నోడు ఎవుడు?’ అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. ‘సెప్తే నువ్వూ పోదువు. ఇద్దరం రోడ్డుమీద కూకుని ఏటి సేత్తాం?’ క్షమించమన్నాను. ఫోన్ నంబరైతే ఇచ్చాడు గానీ, క్షమించానని మాత్రం అనలేదు. ఆ బాకీ అలాగే ఉండడం న్యాయమేననిపించింది.

ఇప్పుడు నాకు జుట్టు ఊడింది, కళ్ళజోడు వచ్చింది, మేనేజరునయ్యాను. మొన్నామధ్య మా టీంలో తిరుగుతున్న బొమ్మ ఒకటి పొరపాటున నాకూ వచ్చింది. కుర్చీలో బట్టతల పీత. ఏ గడిలో చూసినా, ఎవరేమడిగినా, ‘ఆయ్’ అంటోంది. ఎవరు గీశారని అడగలేదు. ఎవర్నీ అడగనివ్వలేదు. కాసేపు అద్దంలో చూసుకున్నట్టు చూసుకుని, బావకి పంపాను. సాయంత్రం షిఫ్టు దిగాక కాబోలు, వాయిస్ మెసేజ్ పెట్టాడు.

‘ఇప్పుడు సరిపోనాది బావా. ఎవుడి మాట ఆడి నోట్లోనే ఉంది.’

వెనకాల ఆవిడెవరో, ‘ఏట్రా ఆ నవ్వు?’ అంటోంది. వాళ్ళమ్మే అయ్యుంటుంది. రెండుసార్లు విన్నాను. ‘ఆయ్’ అని రాసి పంపాను.