వెనక తలుపుకు అడ్డంగా

డెబ్బైల చివర్లో నేను మదనపల్లెకు కాపురానికి వచ్చేసరికి మా ఆయన, ఆయన అన్న అంటే మా బావ కలిసి పుంగనూరు రోడ్డులో బస్సులకు బాడీ కట్టే షెడ్డు నడుపుతున్నారు. ఇంజను, చక్రాలు ఉన్న ఛాసిస్ బయటినుంచి వచ్చేది. దాని మీద ఇనుప చట్రం, రేకులు, సీట్లు, తలుపులు అన్నీ వీళ్ళే బిగించేవాళ్ళు. మా బావ బిగించిన బోల్టు ఊడదని ఆ చుట్టుపక్కల పేరు.

నాకు ఆరో నెల నడుస్తుండగా కుప్పం బస్సు ఓనరు ఒకాయన తన కొత్త బస్సును తీసుకుపోవడానికి వచ్చాడు. అప్పటికే రవాణా ఆఫీసు వాళ్ళ తనిఖీ కూడా అయిపోయింది. బస్సంతా చూసి, వెనక ఎమర్జెన్సీ డోరు దగ్గర ఆగాడు.

"ఈడ ఇంత జాగా ఊరికే పెట్టినారే. ఇద్దురు కూసునే సీటు ఏసేయండప్పా."

"సీటేస్తే తలుపుకు అడ్డమైపోతాదన్నా. ఆపదొస్తే జనం యాడనుంచి దిగాల?" అన్నాడు మా ఆయన.

"నా బస్సులు ఇన్నేండ్లుగా తిరగతాండాయి. ఆ తలుపు తెరిసినోణ్ణి ఒగణ్ణి నేను సూల్లేదు."

మా ఆయన చేతిలోని స్పానరు కింద పెట్టేశాడు. అన్నం క్యారియరు తీసుకుపోయిన నేను గోడ పక్కనే నిలబడిపోయాను. ఆ ఓనరువి ఇంకో రెండు బస్సులు కట్టాల్సి ఉంది. అవి పోతే పనివాళ్ళను మాన్పించాలి. చివరికి బావే వంగి సీటు బిగించాడు, ఎప్పటిలాగే గట్టిగా. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి అన్నం తినలేదు.

పూజ చేసి మొదటి ట్రిప్పుకు మమ్మల్నీ ఎక్కమన్నాడు ఓనరు. కుప్పం దగ్గరే మా పుట్టిల్లు కాబట్టి నేనూ ఎక్కాను. ముగ్గురం వెనక వరసలో కూర్చున్నాం. పుంగనూరులో సీట్లు నిండాయి. పలమనేరులో నిలబడడానికీ చోటు లేదు. బైరెడ్డిపల్లె దాటాక వైరు కాలిన వాసన వచ్చింది. "పొగొస్తాండాది" అని ముందు నుంచి ఎవరో అన్నారు. డ్రైవరు బస్సు ఆపేలోగా ఇంజను పక్కన మంట లేచింది. ఎక్కే తలుపూ ఆ పక్కనే. దగ్గరున్న కొందరు దూకేశారు. మిగతా జనమంతా వెనక్కి, మా మీదికి వచ్చి పడ్డారు.

మా ఆయన, బావ బిగించిన సీటు మీదినుంచి వంగి ఎమర్జెన్సీ డోరు గడియ తీసి తన్నాడు. తలుపు తెరుచుకుంది. కానీ సీటు వీపు నడుమెత్తున అడ్డంగా ఉంది. బావ దాన్ని రెండు చేతులతో పట్టి గుంజాడు, కాలితో తన్నాడు. అది ఇసుమంతైనా కదల్లేదు. అప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ గుర్తే.

మా ఆయన బయటికి దూకి పిల్లల్ని అందుకుంటున్నాడు. ఆ కడుపుతో నేను సీటు దాటలేను. వెనక నుంచి తోస్తున్నారు. రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకున్నాను.

బావ ఉన్నట్టుండి సీటు ముందు మోకాళ్ళ మీద వంగాడు. "నా ఈపు మీద కాలు పెట్టి ఎక్కమ్మా."

మా ఇళ్ళలో బావకు ఎదురుగా కూర్చోవడం కూడా లేదు. నా కాలు లేవలేదు.

"యాల సూస్తాండావు? పెట్టు తల్లీ."

పెట్టాను. అవతల మా ఆయన నన్ను పట్టి దించుకున్నాడు. నా తర్వాత ముసలమ్మలు, చంటిబిడ్డల తల్లులు ఆ వీపు మీదుగానే దిగారు. అందరికంటే వెనక దిగిన బావకు జుట్టు కమిలింది. ఎవరి ప్రాణమూ పోలేదు. బస్సు ముందు సగం కాలిపోయింది.

దాన్ని లాక్కొచ్చి షెడ్డులో పెట్టాక ఓనరు వచ్చాడు.

"అందురూ బాగానే దిగినారు గదప్పా. కాలిందాన్ని బాగు సేయండి. సీటు అట్నే ఉండనీ."

బావ రంపం బ్లేడు తెచ్చి, ఆయన చూస్తుండగానే బోల్టులు కోశాడు. సీటు ఎత్తి బయట పెట్టాడు.

"ఈ తలుపుకు అడ్డం ఇంగ నేనేమీ పెట్టనన్నా. మిగిలిన బస్సులు నీకు బాగుండే తావున కట్టించుకో."

ఓనరు అట్లాగే చేశాడు. షెడ్డులో ఇద్దరు పనివాళ్ళను మాన్పించాల్సి వచ్చింది. ఆ మాట వాళ్ళిండ్లకు పోయి చెప్పింది బావే. మా పాప పుట్టేదాకా చేతినిండా పని లేదు. ఖాళీ షెడ్డులో అన్నదమ్ములిద్దరూ ఒకే క్యారియరు ముందు కూర్చుని అన్నం తినేవాళ్ళు.